నాలుగు నిమిషాల బొమ్మ, నలభై నిమిషాల పాఠం: చరిత్ర క్లాసులో సినిమా, టీవీ ఎలా వాడాలి

ఆర్ఆర్ఆర్ విడుదలైన ఏడాది ఎనిమిదో తరగతి సోషల్ పేపర్లు దిద్దుతున్నాను. కొమురం భీం మీద ఇచ్చిన ప్రశ్నకి ఒక పిల్లవాడు ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబు రాశాడు. భీం, అల్లూరి ఢిల్లీలో స్నేహితులయ్యారట, ఇద్దరూ కలిసి గవర్నరు మీద దాడి చేశారట. సున్నా వేశాను. వేశాక పెన్ను ముందుకు కదల్లేదు. భీం గురించి నేను చెప్పింది ఒక్క పీరియడ్, అదీ బెల్లు కొట్టేస్తారన్న తొందరలో. సినిమా వాడికి మూడు గంటలు చెప్పింది, పాటలతో సహా చెప్పింది, వాడు రెండోసారి వెళ్లి మరీ చెప్పించుకున్నాడు. వాడికి ఎవరి పాఠం వంటబట్టాలి?

అంతకు ముందు ఇంకో బడిలో ఉన్నప్పుడు దీనికి సరిగ్గా ఉల్టా తప్పు చేశాను. సిలబస్ ముందుగా అయిపోయిందని మూడు పీరియడ్లు కలిపి ఒక చారిత్రక సినిమా మొత్తం వేసేశాను. అరగంట కాగానే వెనక బెంచీల్లో టిఫిన్ డబ్బాలు తెరుచుకున్నాయి, యుద్ధం సీనుకి ఈలలు పడ్డాయి. చివర్లో వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న, "టీచర్, రేపు గూడ సిన్మనేనా?"

ఈ రెండు దెబ్బలూ తిన్నాక పద్ధతి మార్చాను. కోర్టులో సాక్షిని బోనెక్కించినట్టు సినిమాని క్లాసులో బోనెక్కిస్తాను. సాక్షి చెప్పింది శ్రద్ధగా వింటాం, నువ్వు ఎవరి తరఫున వచ్చావని అడుగుతాం, చేతిలో కాగితం పెట్టుకుని అడ్డు ప్రశ్నలు వేస్తాం. హైదరాబాద్‌లో ఆరు నుంచి పది తరగతుల సోషల్ టీచర్లకి పనికొచ్చేలా ఆ పద్ధతిని వరసగా రాస్తున్నాను.

1. ప్రశ్న ముందు, సినిమా తర్వాత

"ఈ పాఠానికి ఏ సినిమా వేద్దాం?" అని మొదలుపెడితే యూట్యూబ్‌లో రాత్రి పన్నెండైపోతుంది. ముందు బోర్డు మీద రాయబోయే ప్రశ్న తేల్చుకోండి. పిల్లలు రెండు వైపులా వాదించగలిగే ప్రశ్న కావాలి.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డినే తీసుకోండి. 2019లో వచ్చిన సైరా మొదట్లో, 1857లో ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకి ఈ కథ చెబుతుంది. నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరి తీసింది 1847 ఫిబ్రవరి 22న, అంటే సిపాయిల తిరుగుబాటుకి పదేళ్ల ముందు. రికార్డుల్లో కనిపించే గొడవ వేరేలా మొదలవుతుంది: ఈస్టిండియా కంపెనీ ఇచ్చే నెలకి 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ (భృతి), కట్టుబడి మాన్యాలు (ఊరి కాపలా పనికి ఇచ్చిన భూములు) పోగొట్టుకున్న జనం కోపం. ఇప్పుడు ప్రశ్న దానంతటదే పుడుతుంది: ఆయన లేచింది తవర్జీ కోసమా, ఊరి కోసమా, దేశం కోసమా? 1846లో "దేశం" అంటే రేనాటి (ఉయ్యాలవాడ ఉన్న ప్రాంతం) రైతుకి ఏం తోచేది? ఈ ప్రశ్న మీ దగ్గర ఉంటే ఆ సినిమాలో మొదటి నాలుగు నిమిషాలు చాలు.

2. తునక కొయ్యడం

తునక, అంటే క్లాసులో వేసే సినిమా ముక్క, మూడు నుంచి ఐదు నిమిషాలు. ఒకే చోట జరిగే ఒకే దృశ్యం. అందులో పాట ఉంటే పాటే పాఠం కావాలి, లేకపోతే పాట రాకముందే ఆపేయాలి. ఎన్నో నిమిషం, ఎన్నో సెకను నుంచి ఎక్కడిదాకా అన్నది లెసన్ ప్లాన్‌లో రాసుకోండి. క్లాసులో నిలబడి వెనక్కీ ముందుకీ జరుపుతుంటే ఆ రెండు నిమిషాల్లో క్లాసు చెయ్యిజారిపోతుంది.

ఇంట్లో రెండుసార్లు చూడండి, ఒకసారి మీ కోసం, ఒకసారి క్లాసులో అందరికంటే చిన్నపిల్ల కళ్లతో. 2024 నుంచి సెన్సారు సర్టిఫికెట్లలో యూఏ కింద 7+, 13+, 16+ అని వయసులు వేస్తున్నారు. పాత సినిమాలకి ఆ విభజన ఉండదు, మీరే చూసి నిర్ణయించుకోవాలి. ఆర్ఆర్ఆర్‌లో భీంని కొరడాతో కొట్టే దృశ్యం ఎంత గొప్పగా తీసినా ఆరో తరగతికి అది అక్కర్లేదు.

3. పక్కన ఒక కాగితం

ఈ పద్ధతికి ప్రాణం ఈ మెట్టులోనే ఉంది. తునకతో పాటు పిల్లల చేతుల్లో సినిమా కంటే పాతది, వేరేవాళ్లు రాసింది ఒకటి ఉండాలి. శాసనం అనువాదం, పటం, తేదీల పట్టిక, నాణెం ఫొటో, ఏదైనా ఫరవాలేదు. జిరాక్సు ఒక పేజీ దాటకూడదు.

ఆర్ఆర్ఆర్‌తో నేను చేసేది ఇదీ. వంతెన మీద ఇద్దరూ సైగలతో మాట్లాడుకుని నదిలో చిక్కుకున్న పిల్లవాడిని కాపాడే దృశ్యం వేస్తాను. మాటలు దాదాపు ఉండవు కాబట్టి ఉర్దూ మీడియం నుంచి వచ్చిన పిల్లలకీ ఇబ్బంది లేదు. అది అయ్యాక స్వాతంత్ర్యానికి ముందు నాటి దక్షిణ భారత పటం ఇస్తాను, నిజాం రాజ్యం ఒక రంగు, మద్రాసు ప్రెసిడెన్సీ ఒక రంగు. చింతపల్లి, కొయ్యూరు, జోడేఘాట్ గుర్తించమంటాను. మొదటి రెండూ ఒక రంగులో పడతాయి, మూడోది ఇంకో రంగులో. తర్వాత తేదీలు: చింతపల్లి పోలీసు స్టేషన్ మీద అల్లూరి దాడి 1922 ఆగస్టు 22, అల్లూరిని కాల్చి చంపింది 1924 మే 7, జోడేఘాట్‌లో భీం నేలకొరిగింది 1940. మధ్యలో పదహారేళ్లు.

ఇక్కడితో ఆగి "చూశారా, సినిమా తప్పు" అంటే పాఠం చచ్చిపోతుంది. ఇది కల్పిత కథ అని వాళ్లు సినిమా మొదట్లోనే చెప్పుకున్నారు కదా. తప్పులు పట్టడం పిల్లలకి సరదాగానే ఉంటుంది, దాని తర్వాత మిగిలేది మాత్రం ఏమీ లేదు. అసలు ప్రశ్న ఇంకొకటి: వీళ్లిద్దరూ ఎవరితో పోరాడారు? అల్లూరి పోరాడిన మన్యంలో పోడు వ్యవసాయానికి అడ్డుపడింది 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, అంటే ఆంగ్లేయుల ప్రభుత్వం. భీం పోరాడిన ఆసిఫాబాద్ అడవుల్లో గోండులకి ఎదురు నిలిచింది నిజాం అటవీ, రెవెన్యూ అధికారులు. భీం చనిపోయాక, గోండుల్లో ఎందుకింత అలజడి పుట్టిందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వమే హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తకి ఆ పని అప్పగించింది. ఇదంతా బోర్డు మీదకి ఎక్కేసరికి ఎవరో ఒకరు లేస్తారు. మొన్న ఒక పిల్ల అడిగింది: "మరి సిన్మల ఇద్దరికీ ఇంగ్లీషోడే దుష్మన్ ఎందుకైండు టీచర్?"

దీనికి నేను జవాబు చెప్పను, వాళ్లతోనే చెప్పిస్తాను. నిజాం ఎవరో ఉత్తరాదివాళ్లకి తెలియదని ఒకడు, ఇద్దరు శత్రువులుంటే కథ చీలిపోతుందని ఒకడు, నిజాంని చూపిస్తే మతం గొడవలొస్తాయని భయపడి ఉంటారని ఇంకొకడు. మూడూ ఆలోచించదగ్గ మాటలే. నలభై నిమిషాల్లో పిల్లలు అక్కడిదాకా వస్తే ఆ రోజు నా జీతం నాకు గిట్టుబాటైనట్టే.

కాగితాన్ని కూడా బోనెక్కించాలి సుమా. 2017లో వచ్చిన గౌతమీపుత్ర శాతకర్ణిలో గ్రీకు వీరుడు డెమెట్రియస్‌తో యుద్ధం ఉంటుంది. ఆ పేరుతో మనకి బాగా తెలిసిన గ్రీకు రాజు శాతకర్ణికి రెండు వందల ఏళ్లకి పైగా ముందటివాడు. మరి సినిమావాళ్లు గాలిలోంచి పట్టుకొచ్చారా అంటే అదీ కాదు. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం శాతకర్ణిని శక, యవన, పహ్లవులని సంహరించినవాడని పొగుడుతుంది. యవనులంటే గ్రీకులు. ఆ శాసనం వేయించింది ఎవరు? తల్లి. ఎప్పుడు? కొడుకు పోయాక, మనవడు పులోమావి ఏలుబడి పంతొమ్మిదో ఏట. "మీ అమ్మ మీ గురించి చుట్టాలకి ఎట్లా చెబుతుంది?" అని అడగండి, శాసనాన్ని ఎలా చదవాలో వాళ్లకి చప్పున అర్థమవుతుంది.

నాణేలు అంత పొగడవు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో దొరికిన నిధిలో 13,000కి పైగా నహపాణుడి (శాతకర్ణి ఓడించిన శక రాజు) వెండి నాణేలున్నాయి. వాటిలో 9,000కి పైగా నాణేల మీద శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. దీన్ని చేతితో చేయించవచ్చు: ప్లాస్టిసిన్ ముద్ద మీద రూపాయి బిళ్ల నొక్కి, దాని మీదే ఐదు రూపాయల బిళ్ల నొక్కమనండి. కింద పాతది లీలగా కనిపిస్తూనే ఉంటుంది. గెలిచినవాడు ఓడినవాడి డబ్బుని ఏం చేశాడో ఏ యుద్ధం సీనూ ఇంత బాగా చెప్పదు. వీలైతే ఆ వారమే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి తీసుకెళ్లండి. పిల్లలందరూ ముందు ఈజిప్టు మమ్మీ దగ్గరికే పరిగెడతారు, పరిగెత్తనివ్వండి. నాణేల దగ్గరికి ఆ తర్వాత తెచ్చుకోవచ్చు.

4. కరెంటు, కర్టెన్లు, కాపీరైటు

క్లాసులో నెట్‌ని నమ్ముకోవద్దు, ముందు రోజు సాయంత్రమే ఖాళీ గదిలో ఒకసారి వేసి చూసుకోండి. డిజిటల్ ప్యానెల్ (పెద్ద టీవీ లాంటి తెర) ఉన్న బడుల్లో దాని స్పీకర్లు చివరి బెంచీకి చాలవు, చిన్న బ్లూటూత్ స్పీకరు పట్టుకెళ్లండి. కిటికీలకి పాత దుప్పటి చాలు. కరెంటు పోతే పాఠం పోకుండా, దృశ్యంలోంచి రెండు ఫొటోలు ప్రింటు తీసి ఉంచుకోండి. నిజానికి కరెంటు పోయిన రోజుల్లో ఆ ఫొటోలతోనే మా చర్చ ఇంకా బాగా నడిచింది.

1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను ప్రకారం విద్యాసంస్థ తన కార్యక్రమాల్లో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్ల ముందు సినిమా ప్రదర్శించుకోవచ్చు. టికెట్టు పెట్టి వార్షికోత్సవానికి కాలనీ అంతటికీ వేస్తే ఆ వెసులుబాటు వర్తించదు. ఓటీటీ ఖాతాల షరతులు వేరుగా ఉంటాయి, అవి చదువుకోండి. పైరసీ కాపీ మాత్రం వద్దు. దొంగ సరుకు తెర మీద వేసి నిజాయితీగా ఆధారాలు చూడమని చెబితే పిల్లలు నవ్వుతారు.

5. మొదటిసారి మూగగా

ప్రశ్న బోర్డు మీద రాశాక తునకని శబ్దం లేకుండా వేయండి. "ఏం కనబడింది?" అన్నది మాత్రమే రాయమనండి. మంచోడు, చెడ్డోడు, పాపం లాంటి మాటలు నిషేధం. బట్టలు, చెప్పులు, ఇల్లు, ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఇవే రాయాలి. తర్వాత శబ్దంతో మళ్లీ వేయండి. ఇప్పుడు ఏం మారింది?

ఇక్కడ ఒక చమత్కారం జరుగుతుంది. మూగగా చూసినప్పుడు ఒక మనిషి నడిచొస్తున్నాడంతే. శబ్దం పెట్టగానే వాడు విలన్ అయిపోతాడు. "వాడు చెడ్డోడని నీకెవరు చెప్పారు?" అంటే కాసేపు తెల్లమొహం వేసి, "మ్యూజిక్ చెప్పింది టీచర్" అంటారు. ఈ ఒక్క ఎరుక చాలాకాలం వాళ్ల వెంట ఉంటుంది. ఇంట్లో వార్తల ఛానెల్ చూసేటప్పుడు కూడా పని చేస్తుంది.

నా పీరియడ్ కొలతలు ఇవి: ప్రశ్నకి ఐదు నిమిషాలు, రెండుసార్లు చూడ్డానికి పది, కాగితం చదవడానికి పది, మిగతాది మాటలకి. బోర్డుని మూడు గళ్లు చేస్తాను: తెర మీద ఉన్నది, కాగితంలో ఉన్నది, రెండింట్లోనూ లేనిది. మూడో గడి ఎప్పుడూ ఆలస్యంగా నిండుతుంది. సాధారణంగా అందులోకి చేరేది ఆడవాళ్లు, వంటవాళ్లు, గుర్రాలకి గడ్డి కోసినవాళ్లు.

6. తీసిన ఏడాదిని అడగండి

ప్రతి చారిత్రక సినిమాకీ రెండు తేదీలుంటాయి, కథ జరిగిన ఏడాది, కెమెరా తిరిగిన ఏడాది. రెండోది పిల్లలకి తట్టదు, మీరే అందించాలి.

మా భూమి దీనికి నేను వాడే మొదటి ఉదాహరణ. కథ 1940ల తెలంగాణ రైతాంగ పోరాటం. ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల. నిర్మాత బి. నర్సింగరావు, దర్శకుడు బెంగాల్‌వాడైన గౌతమ్ ఘోష్, తీసింది 1979లో. అందులో "బండెనక బండి కట్టి" పాట ఆ పోరాట కాలంలో యాదగిరి కట్టింది, తెర మీద పాడింది గద్దర్. ఒక్క పాటలో ముప్పై ఏళ్ల దూరం ఉంది. ఆ పాటని రెండుసార్లు వినిపించి, 1940ల్లో అది ఎవరి మీద, 1979లో పాడినవాళ్లు ఎవరిని తలుచుకుని ఉంటారు అని అడగండి.

కొన్ని పాత సినిమాలు అసలు చారిత్రకాలే కావు, తీసినవాళ్లకి అవి ఆ నాటి సాంఘికాలు. మనకిప్పుడు చరిత్ర. 1938 నాటి మాలపిల్లని, రెండేళ్ల ముందు తిరువాన్కూరులో వెలువడిన ఆలయ ప్రవేశ ప్రకటన పక్కన పెట్టి చూపిస్తే, అంటరానితనం మీద ఆనాటి వాదన వాళ్ల గొంతుతోనే వినిపిస్తుంది.

7. మా భూమికి ఇంటి పని

దొర గడిలో (కోటలాంటి ఇంట్లో) వెట్టి (కూలి లేని చాకిరి) చేయించే తునక చూపించిన రోజు హోంవర్కు ఇదీ: ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లని "గడి చూశారా? వెట్టి అంటే మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా?" అని అడిగి, వాళ్లు చెప్పిన మాటలే, వాళ్ల యాసలోనే రాసుకురావాలి. ఉప్పల్, ఎల్బీ నగర్ వైపు బడుల్లో నల్లగొండ, జనగామ, వరంగల్ నుంచి వచ్చినవాళ్ల పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. దొడ్డి కొమురయ్య 1946 జులై 4న కడవెండిలో చనిపోయాడని పుస్తకంలో చదివిన పిల్లకి, తన నానమ్మది పక్క ఊరేనని ఆ రోజే తెలుస్తుంది. పోయినేడు ఒక పిల్లవాడు మూడు వాక్యాలు రాసుకొచ్చాడు, "తాత చెప్పలే. ఊకున్నడు. తర్వాత బయటికి పోయిండు." దానికి పూర్తి మార్కులు వేశాను.

ఒక జాగ్రత్త: దొరల వైపు కుటుంబాల పిల్లలూ అదే క్లాసులో కూర్చుని ఉండొచ్చు. ఇంటిపేర్లు చదివించకండి.

8. టీవీ: ఉన్న బొమ్మ, లేని బొమ్మ

దూరదర్శన్‌లో 1988లో మొదలైన భారత్ ఏక్ ఖోజ్ 53 భాగాలు. తీసిన శ్యాం బెనెగల్ మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. నెహ్రూ పాత్ర వచ్చి వ్యాఖ్యానం చెప్పి, తర్వాత నాటకం నడుస్తుంది. ఎక్కడ రచయిత మాట్లాడుతున్నాడో, ఎక్కడ నటుడు మాట్లాడుతున్నాడో పిల్లలు విడదీయడానికి ఇంతకంటే తేలికైన సీరియల్ దొరకదు. నిదానంగా ఉంటుంది కాబట్టి నాలుగు నిమిషాలకి మించి వేయకండి. రాజ్యాంగం పాఠానికి ఆయనే 2014లో రాజ్యసభ టీవీకి తీసిన సంవిధాన్ ఉంది, పది భాగాలు.

పదో తరగతిలో తెలంగాణ ఉద్యమం చెప్పేటప్పుడు వార్తల ఛానెళ్లే మూలాధారాలు. ఈ పిల్లలు తెలంగాణ ఏర్పాటు మీద కేంద్రం చేసిన 2009 డిసెంబరు 9 ప్రకటన నాటికి పుట్టనే లేదు. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్ రోజు ట్యాంక్ బండ్ మీద దృశ్యాలు రెండు వేర్వేరు ఛానెళ్లవి తీసుకుని, కింద పరిగెత్తే స్క్రోలింగ్ మాటలు మాత్రం రాయించండి. "ఉద్యమకారులు", "ఆందోళనకారులు", "అల్లరిమూక": ఏ ఛానెల్ ఏ మాట వాడిందో వాళ్లే పట్టుకుంటారు.

తర్వాత 2014 ఫిబ్రవరి 18. లోక్‌సభలో తెలంగాణ బిల్లు పాసైన వేళ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఖాళీ తెర చూపించి, "దీని బొమ్మ మన దగ్గర లేదు, మరి ఏం జరిగిందో ఎలా తెలుసుకుందాం?" అని అడగండి. పత్రికలు, సభా రికార్డులు, అక్కడున్నవాళ్ల మాటలు అంటూ ఒక్కొక్కటే చెబుతారు. బొమ్మ ఉన్న పాఠాల కంటే ఇదే వాళ్లకి గుర్తుండిపోయింది.

9. 1948 వచ్చినప్పుడు

నిజాం రాజ్యం భారతదేశంలో కలిసిన ఈ పాఠాన్ని హైదరాబాద్‌లో చెప్పేవాళ్లకి నా మాట అవసరమే లేదు, కడుపులో బెంగ ఎలాగూ ఉంటుంది. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లల ఇళ్లలో ఈ కథ రెండు రకాలుగా చెప్పుకుంటారు. అందుకే ఇక్కడ మాత్రం నేను సినిమాతో మొదలుపెట్టను. ఎంత మంచి సినిమా అయినా ఐదు నిమిషాల్లో ఎవరినో ఒకరిని విలన్ చేస్తుంది, ఆ విలన్ పేరు క్లాసులో ఎవరో ఒకరి పేరులాగే ఉంటుంది.

ముందు పేర్లతో మొదలుపెడతాను. సెప్టెంబరు 17ని విమోచనం అన్నవాళ్లున్నారు, విలీనం అన్నవాళ్లున్నారు, విద్రోహం అన్నవాళ్లున్నారు. కేంద్రం విమోచన దినం జరుపుతుంది, రాష్ట్రం ఒకప్పుడు జాతీయ సమైక్యతా దినం అంది, 2024 నుంచి ప్రజా పాలన దినోత్సవం అంటోంది. అన్నీ బోర్డు మీద రాసి, ఒక్కో పేరు వెనక ఎవరున్నారో అడుగుతాను. ఆ తర్వాతే ఆనాటి వార్తా చిత్రం ఒకటి, అదీ మూగగానే వేస్తాను. ఆనాటి వ్యాఖ్యాత గొంతు కూడా ఒక పక్షమే.

కాగితాలు రెండు ఉండాలి. రజాకార్లని (నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం) విమర్శించినందుకు 1948 ఆగస్టులో హత్యకి గురైన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ గురించి ఒకటి. పోలీసు చర్య (భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి రావడం) తర్వాత ముస్లింల మీద జరిగిన హింసని విచారించడానికి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ గురించి ఇంకొకటి. ఏ ఒక్కటి ఇచ్చినా అబద్ధం చెప్పినట్టే. ఈ పాఠానికి ముందు హెడ్‌మాస్టరుకి తునక, కాగితాలు చూపించి ఒక మాట చెప్పి ఉంచండి. చర్చ వేడెక్కితే ఆపి రాతలోకి దించండి, పిల్లలు నోటితో అనలేనిది కాగితం మీద చాలా మర్యాదగా అంటారు.

10. మార్కులు

చర్చ బాగా జరిగింది కదా అని వదిలేస్తే మరుసటి నెల సినిమాయే మిగులుతుంది. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు కింద ఒక పేజీ రాయించండి: తునకలో చూసింది, కాగితంలో చదివింది, రెండూ కలవని చోట ఏది నమ్ముతావు, ఎందుకు. కథని తిరిగి చెబితే మార్కుల్లేవు. ఓపిక ఉన్న బృందం అదే దృశ్యాన్ని కాగితం ప్రకారం రెండు నిమిషాలు ఫోన్లో తీసుకురావచ్చు. మా పిల్లలు తీసిన జోడేఘాట్‌లో నిజాం అమీను (పోలీసు అధికారి) పాత్రధారికి స్కూలు బెల్టే నడుం పటకా.

పరీక్ష జవాబులకి నా క్లాసులో ఒక నియమం ఉంది. తెర మీద చూసింది రాయొచ్చు, కానీ "సినిమాలో" అన్న మాటతో మొదలుపెట్టాలి, దాని కింద "రికార్డులో" అని ఇంకో వాక్యం ఉండాలి. ఆ ముత్యాల అక్షరాల పిల్లవాడు సంవత్సరాంతం పరీక్షలో రెండు వాక్యాలూ రాశాడు. రెండోదాంట్లో భీం చనిపోయింది 1924 అని పెట్టాడు. అర మార్కు కోసి, పక్కన జోడేఘాట్ అని రాసి పేపరు వెనక్కి ఇచ్చాను.